మిగతా సగం సంగతి

బడి పేరెత్తితే బ్రిటన్ పార్లమెంటు అట్టుడికిపోతుంది. పని నేర్చుకునే పిల్లల మాట వచ్చేసరికి అన్ని పార్టీలదీ ఒకే రాగం. అసలు చిక్కు అక్కడే ఉంది.

1944 మార్చి 28. యుద్ధం ఇంకా ముగియలేదు. పార్లమెంటు దిగువ సభ కామన్స్ మందిరం మూడేళ్ల కిందటే జర్మన్ బాంబులకు కాలి కూలిపోయింది. సభ్యులు ఎగువ సభ లార్డ్స్ వారి ఎర్ర బెంచీల మీద సర్దుకుని కూర్చుంటున్నారు. ఆ రోజు చర్చ యుద్ధం మీద కాదు, బడి మీద. విద్యాశాఖ చూసే ఆర్.ఎ. బట్లర్ తెచ్చిన విద్యా బిల్లుకు కన్జర్వేటివ్ సభ్యురాలు థెల్మా కాజలెట్-కీర్ ఒక సవరణ పెట్టారు. పంతులుగారికి ఎంత జీతమో పంతులమ్మకూ అంతే ఇవ్వాలన్నది దాని సారాంశం. ఓట్లు లెక్కపెడితే అనుకూలంగా 117, వ్యతిరేకంగా 116. ఒక్క ఓటుతో చర్చిల్ ప్రభుత్వం ఓడిపోయింది.

చర్చిల్ ఊరుకుంటాడా? అదే అంశాన్ని విశ్వాస పరీక్షగా మార్చి రెండు రోజుల్లో మళ్లీ సభ ముందు పెట్టాడు. ఈసారి లెక్క 425, 23. యుద్ధం నడుస్తుండగా ప్రభుత్వాన్ని పడగొట్టే ధైర్యం ఎవరికుంటుంది? పంతులమ్మల సమాన జీతం పూర్తిగా చేతికందేసరికి 1961 వచ్చింది.

బట్లర్ చట్టం గురించి చెప్పేవాళ్లు ఈ ముచ్చట తప్పక చెబుతారు. అదే చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది, దాని ఊసు ఎత్తేవాళ్లు తక్కువ. బడి మానేసి పనిలో చేరిన పిల్లలు 18 ఏళ్లు నిండేదాకా వారానికి ఒక రోజు, కాదంటే రెండు పూటలు, ఏడాదికి 44 వారాలు కౌంటీ కాలేజీలో చదవాలి. యజమాని వాళ్లను పంపాలి. దీని మీద ప్రభుత్వం ఓడిపోలేదు, విశ్వాస పరీక్ష రాలేదు. చట్టమైతే అయింది. ఆ సెక్షన్ అమల్లోకి వచ్చే తేదీ మాత్రం ఎన్నడూ రాలేదు.

పోనీ అది ఒక్కసారి జరిగిన పొరపాటు అనుకుందామా అంటే, 1918లోనూ ఇదే జరిగింది. హెచ్.ఎ.ఎల్. ఫిషర్ తెచ్చిన చట్టం బడి వయసును 14కు పెంచింది, ఆ పైవాళ్లకు పనితోపాటు చదువు చెప్పే బడులు పెట్టమంది. 1922లో ఖర్చుల కోతకు గొడ్డలి పట్టుకున్నప్పుడు మొదటి వేటు వాటి మీదే పడింది. రగ్బీ పట్టణంలో ఒకటి మిగిలింది.

బడుల గురించి కొట్టుకుంటారు, పని చదువు మంచిదేనని అందరూ తలాడిస్తారు. తలాడించినదాని కోసం ఎవరూ ప్రాణం పెట్టరు. ఇంగ్లండ్ విద్యా చర్చల చరిత్రను ఎక్కడ తెరిచినా నాకు కనబడింది ఇదే.

మేస్త్రీ ఇంట్లో ఏడేళ్లు

నిజానికి ఆ దేశంలో పని నేర్పడమే ముందు చట్టానికెక్కింది, బడి చాలా తర్వాత వచ్చింది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1563లో, వృత్తి పనివాళ్ల చట్టం చేశారు. ఏ వృత్తి చెయ్యాలన్నా ఏడేళ్లకు తగ్గకుండా ఒక మేస్త్రీ దగ్గర అప్రెంటిస్‌గా ఉండి తీరాలి. తిండీ నిద్రా ఆ ఇంట్లోనే. మైకేల్ ఫారడే 14 ఏళ్ల వయసులో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో అలా చేరినవాడే. బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదివి సైన్సులో పడ్డాడు. అందరికీ అలాంటి యజమాని దొరకడుగా. అనాథాశ్రయాల పిల్లలను అప్రెంటిస్‌లనే పేరు తగిలించి లండన్ నుంచి ఉత్తరాది నూలు మిల్లులకు బండ్లకెత్తేవారు.

ఆ పిల్లల కోసం 1802లో పెద్ద రాబర్ట్ పీల్ ఒక చట్టం తెచ్చాడు. ఆయన స్వయంగా మిల్లు యజమాని. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, మొదటి నాలుగేళ్లు చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలి. ఇంగ్లండ్‌లో పిల్లలకు చదువు చెప్పించి తీరాలని పార్లమెంటు చట్టంగా చెప్పిన తొలి సందర్భాల్లో ఇదొకటి, అదీ అప్రెంటిస్‌ల కోసం. మరి అమలు చూసేదెవరు? జిల్లా మేజిస్ట్రేట్లు నియమించే ఇద్దరు సందర్శకులు, జీతం భత్యం లేకుండా. వాళ్లు ఏమాత్రం తనిఖీ చేసి ఉంటారో ఊహించుకోవచ్చు. 1814లో ఏడేళ్ల నిబంధన కూడా పోయింది.

ఇక్కడ మన వైపు కథ ఒకటి కలుస్తుంది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమానికి పెద్దగా వచ్చిన స్కాట్లండ్ మతాచార్యుడు ఆండ్రూ బెల్, దగ్గర్లోని ఒక అరుగు బడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన ఆశ్రమంలోనూ ఇసుక పరిపించి, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు పాఠం చెప్పించాడు. ఒక్క పంతులు, వందల మంది పిల్లలు, కాగితం ఖర్చు లేదు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. పేదల బడులకు డబ్బు చాలక ఇబ్బంది పడుతున్న ఇంగ్లండ్ దాన్ని ‘మద్రాసు పద్ధతి’ అని నెత్తిన పెట్టుకుంది. 1811లో పుట్టిన నేషనల్ సొసైటీ ఊరూరా చర్చి బడులు పెట్టింది ఈ పద్ధతిలోనే. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని 533 బడుల గురించి ప్రభుత్వానికి రాస్తూ, ఇక్కడి బడుల పొదుపు పద్ధతిని ఇంగ్లండ్ అనుకరించిందని మెచ్చుకున్నాడు. నేటి అనంతపురం అప్పుడు ఆ జిల్లాలోనిదే. అరువు తీసుకున్నందుకు మన అరుగు బడులకు దక్కిందేమిటన్నది వేరే కథ.

డబ్బు లెక్క ఇంకా విచిత్రం. భారతీయుల చదువుకు ఏటా లక్ష రూపాయలు పక్కన పెట్టమని 1813లో చార్టర్ చట్టంలో రాసిన పార్లమెంటు, సొంత దేశంలో బడి కట్టడాలకు తొలిసారి 20,000 పౌండ్లు ఇచ్చింది 1833లో. అప్పుడు ఓటేసినవాళ్లు అనుకూలం 50, వ్యతిరేకం 26. అంతకుముందు 1807లో ఊరూరా బడి పెట్టాలని శామ్యూల్ విట్‌బ్రెడ్ బిల్లు తెస్తే, కూలివాడి బిడ్డకు చదువు చెబితే వాడి నీతీ సుఖమూ రెండూ చెడతాయని డేవిస్ గిడ్డీ అనే సభ్యుడు వాదించాడు. బిల్లు కామన్స్ దాటింది, లార్డ్స్ దగ్గర ఆగిపోయింది.

మరి బడికి ఇంత గిరాకీ ఎప్పుడొచ్చింది? 1867లో పట్టణాల్లోని పనివాళ్లకు ఓటు వచ్చాక. మూడేళ్లు తిరక్కుండా 1870లో ఫార్‌స్టర్ విద్యా చట్టం వచ్చింది, చాలాచోట్ల స్కూలు బోర్డులు పుట్టాయి. 1880లో చదువు తప్పనిసరైంది, 1891 నుంచి దాదాపు ఉచితమైంది. తండ్రికి ఓటుంది కాబట్టి బిడ్డ బడి రాజకీయమైంది. మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే కుర్రాడికి మాత్రం అప్పుడు ఓటు లేదు.

గంట మోగిన రాత్రి

కామన్స్‌లో సభ్యులు 650 మంది, కూర్చునే చోటు 427 మందికే. సభ కిక్కిరిసిన రోజున ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నిలబడాలి. ఓటింగుకు గంట మోగితే ఎనిమిది నిమిషాల్లో చేరుకోవాలి, ఆ తర్వాత లాబీ తలుపులు వేసేస్తారు. మీట నొక్కితే అయిపోయే ఓటు కాదు, ‘అవును’ లాబీలోకో ‘కాదు’ లాబీలోకో నడిచి వెళ్లాలి. లెక్క తేల్చేవాళ్లు తలలు లెక్కబెడతారు. తన పార్టీకి ఎదురు తిరిగిన సభ్యుడు ప్రత్యర్థుల మధ్య భుజాలు రాసుకుంటూ నడవక తప్పదు. ఎవరెటు వెళ్లారో అందరికీ కనబడుతుంది.

2004 జనవరి 27 రాత్రి అలాంటి నడకే టోనీ బ్లెయిర్ ప్రభుత్వాన్ని అంచు దాకా తెచ్చింది. యూనివర్సిటీ ఫీజులు పెంచే బిల్లు అది. 161 మంది మెజారిటీ ఉన్న ప్రభుత్వం 316, 311తో, అంటే ఐదు ఓట్లతో గట్టెక్కింది. పెంచేది ప్రధానంగా ఇంగ్లండ్ ఫీజులు, గట్టెక్కించినవాళ్లలో స్కాట్లండ్ లేబర్ సభ్యులు. స్కాట్లండ్ చదువుల సంగతి ఎడిన్‌బరో చూసుకుంటుంది, ఇంగ్లండ్‌కు విడిగా పార్లమెంటు లేదు, వెస్ట్‌మినిస్టరే దాని శాసనసభ. ఎవరి పిల్లల ఫీజు ఎవరు తేలుస్తున్నారన్న గొడవ అప్పటినుంచీ చల్లారలేదు. 2010 డిసెంబరు 9న ఫీజు హద్దును 9,000 పౌండ్లకు పెంచినప్పుడు పార్లమెంటు ముందు విద్యార్థులు, పోలీసు గుర్రాలు, మంటలు. లోపల 323, 302. ఫీజులు పెంచబోమని సంతకాలు పెట్టి గెలిచిన లిబరల్ డెమోక్రాట్లు ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఏళ్లు పట్టింది.

ఇదంతా యూనివర్సిటీకి వెళ్లే పిల్లల గురించి. యువతలో సగం మంది ఉన్నత చదువులకు వెళ్లాలని 1999లో బ్లెయిర్ లక్ష్యం పెట్టాడు. అది నెరవేరడానికి రెండు దశాబ్దాలు పట్టింది. మిగతా సగం ఎక్కడికి వెళ్లాలో చెప్పే లక్ష్యానికి అంత పేరు రాలేదు.

ఎందుకిలా? సభలో కూర్చున్నవాళ్లను చూస్తే సగం జవాబు దొరుకుతుంది. 2024లో గెలిచిన సభ్యుల్లో నూటికి 90 మంది దాకా యూనివర్సిటీ మెట్లెక్కినవాళ్లే. దేశంలో ప్రైవేటు బడుల్లో చదివేవాళ్లు నూటికి ఏడుగురైతే, సభలో 23 మంది. వాళ్లను తప్పుపట్టడం కాదు, ఎవరికి తెలిసిన దారి గురించి వాళ్లకు ఆవేశం వస్తుంది. గ్రామర్ స్కూలు, ప్రవేశ పరీక్ష, ఫీజు, ఇవి వాళ్ల ఇళ్లలో జరిగిన కథలు. లేత్ మిషన్ ముందు నిలబడ్డ పదిహేడేళ్ల పిల్ల కథ చాలామందికి నియోజకవర్గ పర్యటనలో ఫొటో దిగినప్పుడు తెలిసింది.

మినహాయింపులున్నాయి. హార్లో నియోజకవర్గ సభ్యుడిగా పనిచేసిన రాబర్ట్ హాఫన్ తన పార్లమెంటు ఆఫీసులోనే అప్రెంటిస్‌ను పెట్టుకుని, ఏ చర్చలో లేచినా డిగ్రీ అప్రెంటిస్‌షిప్ అనకుండా కూర్చునేవాడు కాదు. గిలియన్ కీగన్ 16 ఏళ్లకే లివర్‌పూల్ పక్కన కర్క్‌బీలో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరి, పని చేస్తూ డిగ్రీ తెచ్చుకున్నారు. 2022లో విద్యామంత్రి అయ్యారు. ఇన్నాళ్లకు పని చదువుకు ఒక పెద్ద దిక్కు దొరికిందనుకున్నారంతా. 2023 ఆగస్టు చివర్లో, బడులు తెరవడానికి రోజుల ముందు, పాత బడి కప్పుల్లో వాడిన తేలికపాటి కాంక్రీటు కూలిపోయే ప్రమాదముందని తేలింది. వందకు పైగా బడుల్లో గదులు మూయించాల్సి వచ్చింది. ఆ తర్వాత సభలో ఆమెను అడిగిందంతా కప్పుల గురించే.

అర శాతం డబ్బు

2015లో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ కొత్త పన్ను ఒకటి ప్రకటించాడు. 2017 ఏప్రిల్ నుంచి ఏడాదికి 30 లక్షల పౌండ్లకు పైగా జీతాలిచ్చే సంస్థ అందులో అర శాతం ‘అప్రెంటిస్‌షిప్ లెవీ’ కట్టాలి. 15,000 పౌండ్ల మినహాయింపు ఉంది. అంటే 50 లక్షల జీతాల బిల్లున్న కంపెనీకి అర శాతం 25,000, మినహాయింపు పోను కట్టేది 10,000. ఆ డబ్బు కంపెనీ పేరు మీదే ఆన్‌లైన్ ఖాతాలో ఉంటుంది. అప్రెంటిస్‌ల శిక్షణకు వాడుకోవచ్చు, రెండేళ్లలో వాడకపోతే మురిగిపోయేలా నియమం పెట్టారు. జీతానికి వాడకూడదు. లెవీ కట్టే సంస్థలు నూటికి రెండే.

నాకు ఈ ఆలోచన నచ్చింది. శిక్షణ ఇవ్వకుండా పక్క కంపెనీ తయారుచేసిన మనిషిని ఎగరేసుకుపోయేవాడి చేత కూడా డబ్బు కట్టించడం న్యాయమే. 1964లో లేబర్ ప్రధానిగా హెరాల్డ్ విల్సన్ రాకముందే కన్జర్వేటివ్‌లు చేసిన చట్టంలోనూ ఇదే సూత్రం. పరిశ్రమకో బోర్డు, బోర్డుకో లెవీ. 1980లలో థాచర్ ప్రభుత్వం వాటిలో చాలావాటిని ఎత్తేసింది, కట్టడాల రంగానిది మాత్రం ఇప్పటికీ ఉంది.

2017 లెవీలో గురి తప్పింది ఒక్కచోట. ఎవరికి శిక్షణ ఇవ్వాలో తేల్చే కలం యజమాని చేతికిచ్చారు. డబ్బు మురిగిపోతుందంటే ఏ మేనేజరైనా ఏం చేస్తాడు? బయటినుంచి పదహారేళ్ల కుర్రాణ్ణి తెచ్చి తిప్పలు పడే బదులు, లోపల ఉన్న ముప్పై ఐదేళ్ల ఉద్యోగికి మేనేజ్‌మెంటు కోర్సు కట్టించి అప్రెంటిస్ అని రాస్తాడు. అదే జరిగింది. ఎంబీఏ స్థాయి చదువులు కూడా ఆ ఖాతాలో పడ్డాయి. 2015-16లో అయిదు లక్షలు దాటిన కొత్త చేరికలు 2023-24 నాటికి 3,40,000 దగ్గరికి దిగాయి, అందులో దాదాపు సగం 25 ఏళ్లు నిండినవాళ్లు. 2020 నాటికి 30 లక్షల మందన్న లక్ష్యం ఎక్కడో జారిపోయింది.

చేరికలు తగ్గడమే తప్పని నేననను. 2017కు ముందు లెక్కల్లో నాసిరకం కోర్సులు బోలెడు. ఏడాదికి తక్కువ కాకూడదు, పని గంటల్లో ఐదో వంతు చదువుకు ఇవ్వాలన్న నియమాలు పడ్డాక తప్ప తాలు తేలలేదు. సభలో మాత్రం మీ కాలంలో తగ్గాయని లేబర్ అంటుంది, నాణ్యత పెంచింది మేమని కన్జర్వేటివ్ అంటుంది. పిల్లల వయసు గురించి అడిగేవాళ్లు తక్కువ. వసూలైన డబ్బంతా శిక్షణకు పోతోందా అన్నది ఇంకో ప్రశ్న. 2024-25లో లెవీ రాబడి 400 కోట్ల పౌండ్లు దాటితే, ఇంగ్లండ్ అప్రెంటిస్‌షిప్ బడ్జెట్ సుమారు 270 కోట్లు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ వాటాలు పోగా మిగిలింది ఖజానాలోనే ఉంటుంది.

బడుల వైపు నుంచి కూడా ఒక అడ్డుగోడ ఉంది. పదహారేళ్లు దాటిన పిల్లవాడు బడిలోనే ఉంటే బడికి తలకింత అని డబ్బొస్తుంది, అప్రెంటిస్‌గా వెళ్లిపోతే అది పోతుంది. అందుకే టెక్నికల్ కాలేజీల వాళ్లను గేటు లోపలికి రానివ్వని హెడ్‌మాస్టర్లు తయారయ్యారు. 1988లో జాతీయ పాఠ్యప్రణాళిక తెచ్చిన కెన్నెత్ బేకర్ లార్డ్స్‌కు వెళ్లాక పట్టుబట్టి 2017 చట్టంలో ఒక నిబంధన పెట్టించాడు, కాలేజీల వాళ్లకు పిల్లలతో మాట్లాడే అవకాశం ఇచ్చి తీరాలని. దాన్ని చాలా బడులు పట్టించుకోకపోతే 2022లో ఇంకో చట్టం చేసి ఆరుసార్లు తప్పనిసరి అన్నారు. పిల్లలతో మాట్లాడనివ్వండి అని రెండు చట్టాలు!

అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లోనూ ఈ తర్జనభర్జన కొత్తేం కాదు. 2025-26లో ఏడాదికి 9,535 పౌండ్లున్న ఫీజు అప్పుచేసి కట్టి యూనివర్సిటీలో చేరడమా, ఫీజు లేకుండా జీతం తీసుకుంటూ అదే డిగ్రీ సంపాదించే డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లో చేరడమా? లెక్క వేస్తే రెండోదే మేలు, సీటు దొరకడమే కష్టం. కానీ ఊళ్లో అమ్మమ్మకు ఫోనులో ‘మావాడు అప్రెంటిస్’ అని చెప్పాలంటే నోరు రాదు. అవతల వినబడేది రైల్వే వర్క్‌షాపు. స్టూడెంట్ వీసా మీద హైదరాబాదు నుంచి వెళ్లినవాళ్లకు ఈ దారి లేదు, నిధులు అందాలంటే సాధారణంగా మూడేళ్ల స్థిరనివాసం ఉండాలి.

ఇప్పుడెవరిని అడగాలి?

2024లో లేబర్ వచ్చాక బడుల రగడ యథావిధిగా మొదలైంది. ప్రైవేటు బడుల ఫీజు మీద 20 శాతం వ్యాట్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వారం తిరిగేసరికి, 8న, విద్యామంత్రి బ్రిజెట్ ఫిలిప్సన్ పిల్లల సంక్షేమ, పాఠశాలల బిల్లు రెండో పఠనానికి వచ్చింది. స్థానిక మండళ్ల అజమాయిషీ లేని అకాడమీ బడులు జాతీయ పాఠ్యప్రణాళిక పాటించాలా, అర్హత లేని టీచర్లను పెట్టుకోవచ్చా అన్నవి అందులోని అసలు ప్రశ్నలు. ఆనాటి చర్చను మింగేసింది మాత్రం బాలికలపై అత్యాచార ముఠాల మీద జాతీయ విచారణ కోరుతూ కన్జర్వేటివ్‌లు పెట్టిన సవరణ. 364, 111తో అది వీగిపోయింది.

అప్రెంటిస్‌ల విషయంలో మార్పులు పెద్దవే, చప్పుడు చిన్నది. కనీస కాలం ఏడాది నుంచి ఎనిమిది నెలలకు తగ్గింది. పోస్టుగ్రాడ్యుయేట్ స్థాయి కోర్సులకు 2026 జనవరి నుంచి సాధారణంగా 22 ఏళ్లు నిండనివాళ్లకే ప్రభుత్వ డబ్బు, ఎంబీఏ దారి మూసుకున్నట్టే. ఇది సరైన నిర్ణయమనే నా నమ్మకం, లాయర్లూ ఆసుపత్రుల వాళ్లూ గొణుక్కున్నా సరే. 2025 ఏప్రిల్‌లో పెద్దవాళ్ల కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లయితే అప్రెంటిస్‌కు 7.55గా ఉండేది. ఈ తేడా ఎత్తేయాలని లిబరల్ డెమోక్రాట్లు అడుగుతూనే ఉన్నారు. ఆ సెప్టెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన లేబర్ మహాసభలో ప్రధాని స్టార్మర్, బ్లెయిర్ నాటి సగం లక్ష్యాన్ని పక్కన పెట్టి, యువతలో మూడింట రెండొంతులు యూనివర్సిటీకో మేలైన అప్రెంటిస్‌షిప్‌కో వెళ్లాలన్నాడు. 16 ఏళ్లకే ఓటు ఇస్తామని అంతకు రెండు నెలల ముందు ప్రభుత్వం ప్రకటించింది. అది అమలైతే పని నేర్చుకునే కుర్రాడు తొలిసారి పదహారేళ్లకే ఓటరవుతాడు.

కోర్సుల ప్రమాణాలు చూసే స్వతంత్ర సంస్థను ఎత్తేసి ఆ అధికారాన్ని మంత్రి చేతికిస్తారా అని లార్డ్స్‌లో గట్టి అభ్యంతరాలే వచ్చాయి. అయినా 2025 మేలో చట్టమైంది, విద్యాశాఖ కింద ‘స్కిల్స్ ఇంగ్లండ్’ బాధ్యత తీసుకుంది. సెప్టెంబరు మంత్రివర్గ మార్పుల్లో ఆ సంస్థనూ అప్రెంటిస్‌షిప్‌లనూ విద్యాశాఖ నుంచి తీసి ఉపాధి, పింఛన్ల శాఖకు అప్పగించారు, అప్పుడు దాని మంత్రి పాట్ మెక్‌ఫాడెన్. బడులూ కాలేజీలూ యూనివర్సిటీలూ ఫిలిప్సన్ దగ్గరే ఉండిపోయాయి. రెంటినీ కలిపి చూసే నైపుణ్యాల మంత్రి జాకీ స్మిత్‌కు రెండు శాఖల్లోనూ కుర్చీ దక్కింది. ఆమె సభ్యురాలు లార్డ్స్‌లో. కామన్స్ సభ్యులు తమ సభలో లేచి ఆమెను నేరుగా ప్రశ్న అడగడానికి వీల్లేదు.